లోకో హెడ్‌లైట్: హాలోజెనా ఎల్ఈడీనా అనేదానికన్నా ముందు నీళ్ళ సంగతి తేల్చుకోండి

రైలింజన్ హెడ్‌లైట్ గురించి ఎవరు అడిగినా మొదటి ప్రశ్న ఒకటే, హాలోజెన్ మంచిదా ఎల్ఈడీ మంచిదా అని. నేను హైదరాబాద్‌లో రైల్వేకి లైట్లు చేసే ఒక చిన్న యూనిట్లో డిజైన్ చూస్తుంటాను, ఇంజన్లని రిపేరు చేసే షెడ్ల నుంచి పాడై వెనక్కొచ్చిన లైట్లు విప్పి చూడ్డం కూడా నా పనే. అలా విప్పినవాటిలో బల్బు కాలిపోయో చిప్ పోయో వచ్చినవాటికన్నా లోపలికి నీళ్ళు చేరి పోయినవే ఎక్కువ. పైకి ఎల్ఈడీ పోయింది అనే అనిపిస్తుంది, డబ్బా తెరిస్తే టెర్మినళ్ళకి పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. లోపలికి తేమ ఎలా వస్తుందో అర్థమైతే గ్లాసు, రబ్బరు, బాడీ, బల్బు ఇవన్నీ ఎంచుకోవడం సగం తేలికైపోతుంది. కొత్తగా డిజైన్ చేసేవాళ్ళకీ, షెడ్ తరఫున ఏది తీసుకోవాలో చూసేవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ఒక చిన్న లెక్క. మన దగ్గర ట్విన్ బీమ్ (జంట దీపాల) హెడ్‌లైట్‌కి ఆర్డీఎస్ఓ, అంటే రైల్వేకి ప్రమాణాలు రాసే సంస్థ, అడిగేది 305 మీటర్ల దూరంలో ట్రాక్ మధ్యన 3.2 లక్స్ వెలుగు (ఒక చోట పడే వెలుగుకి లక్స్ కొలత). దూరాన్ని దూరంతో గుణించి మళ్ళీ 3.2తో గుణిస్తే బీమ్ మధ్యలో దాదాపు 3 లక్షల క్యాండెలా (ఒక దిశలో లైటు తీవ్రతకి కొలత) రావాలి అన్నమాట. ఇప్పుడు గ్లాసు లోపల ఆవిరి పట్టి వెలుగు సగానికి పడిపోయింది అనుకోండి, అదే 3.2 లక్స్ 216 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. 110 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకి 30 మీటర్ల పైన పోతుంది, అంటే 305 మీటర్లకి 10 సెకన్లు, 216 మీటర్లకి 7 సెకన్లు. ఆ స్పీడులో బ్రేక్ వేసినా బండి అంత దగ్గర్లో ఎలాగూ ఆగదు కాబట్టి ఈ 3 సెకన్ల తేడా ఎక్కువగా తగిలేది లోకో పైలట్‌కి కాదు, వానాకాలం రాత్రి ట్రాక్ వెంట పెట్రోలింగ్ చేసే మనిషికి. లోకో పైలట్ చూసి హారన్ కొట్టాక పక్కకి తప్పుకోవడానికి అతనికి ఉన్న టైములో దాదాపు మూడో వంతు మన గాస్కెట్ (లైటు సందులు మూసే రబ్బరు) తినేసినట్టు. ఇక హెడ్‌లైట్ పూర్తిగా పోతే రూల్ ప్రకారం ముందుండే చిన్న మార్కర్ లైట్లు వేసుకుని 40 కిలోమీటర్లు దాటకుండా బండి లాగాలి, వెనకొచ్చే బళ్ళన్నీ లేటే.

నీళ్ళు వానతో రావు, ఊపిరితో వస్తాయి

వేడి వేడి అన్నం పెట్టి మూత బిగించిన స్టీలు క్యారియర్ చల్లారాక మూత లాగినా రాదు, చూసే ఉంటారు. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి బయటి గాలి మూతని నొక్కి పట్టేస్తుంది. హెడ్‌లైట్ డబ్బా కూడా అంతే. రెండు గంటలు వెలిగి లోపల 70 డిగ్రీలకి చేరిన లైటు మీద ఒక్కసారిగా వాన కొట్టి 25 డిగ్రీలకి దిగిందంటే లోపలి ఒత్తిడి 13 శాతం పడిపోతుంది, నీళ్ళ లెక్కలో చెప్పాలంటే ఆ లైటుని 1.3 మీటర్ల లోతులో ముంచినంత. అప్పటికే గ్లాసు చుట్టూ నీళ్ళు కారుతుంటాయి కాబట్టి గాస్కెట్లో వెంట్రుకంత సందున్నా అది నీళ్ళని పీల్చేసుకుంటుంది. మళ్ళీ వేడెక్కినప్పుడు గాలి బయటికి పోతుంది గానీ నీళ్ళు లోపలే ఉండిపోతాయి. రోజుకి రెండు మూడు సార్లు ఇలా జరిగితే ఒక వానాకాలానికి లోపల ఎంత చేరుతుందో ఆలోచించండి.

ఒకసారి కొత్తవలస–కిరండూల్ లైన్లో తిరిగిన ఇంజన్ లైటు ఒకటి నా టేబుల్ మీదకి వచ్చింది. బైలడీలా ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి దిగే లైన్ అది, వరసగా సొరంగాలు, ఇంచుమించు వెయ్యి మీటర్ల ఎత్తున శిమిలిగూడ, అక్కడ చల్లగా మంచు, కిందికి దిగితే ఉక్క, సముద్రపు గాలి. గ్లాసు కింది అంచున చంద్రవంక ఆకారంలో ఎర్రటి నీళ్ళు నిలిచి ఉన్నాయి, దానిమీద గీతలు గీతలుగా ఎండిన మట్టి, ఒక్కో గీత ఒక్కో వానది. గాస్కెట్ ఎక్కడా చిరగలేదు. నాలుగు బోల్టుల దగ్గర మాత్రం అట్టలా నలిగిపోయి, మధ్యలో పైకి ఉబ్బి ఉంది, అంటే ఎవరో బాగా బిగించాలనే ఉద్దేశంతోనే అతిగా బిగించారు. రిపోర్టులో దాని ఐపీ రేటింగ్, అంటే దుమ్మునీ నీళ్ళనీ ఎంత ఆపుతుందో చెప్పే నంబరు, 67.

ఐపీ నంబర్ చూసి మోసపోకుండా

65, 66, 67, 69 ఇవన్నీ నిచ్చెన మెట్లు కాదు, 66 ఉంటే 65 ఉన్నట్టే గానీ 67, 69 ఉంటే కిందవి ఉన్నట్టే అనుకోవద్దు. మొదటి అంకె 6 అంటే దుమ్ము అస్సలు దూరదు అని. రెండో అంకె 5 అంటే 6.3 మిల్లీమీటర్ల నాజిల్‌తో నిమిషానికి 12.5 లీటర్లు, 6 అంటే 12.5 మిల్లీమీటర్ల నాజిల్‌తో నిమిషానికి 100 లీటర్లు కొట్టి చూస్తారు. 7 అంటే మీటరు లోతులో అరగంట ముంచడం, అందులో పైప్ జెట్ అసలు లేదు. కాబట్టి ముంచితే తట్టుకున్న లైటు జెట్‌కి కారొచ్చు, 66 ఇంకా 67 రెండూ విడివిడిగా పాస్ అయి ఉండాలి. 69 అయితే 80 డిగ్రీల వేడినీళ్ళు 80 నుంచి 100 బార్ ప్రెషర్‌తో అతి దగ్గర నుంచి కొడతారు. ఇంజన్లని హై ప్రెషర్ వాషర్‌తో కడిగే చోటైతే దీనికి డబ్బు పెట్టొచ్చు, మిగతావాళ్ళకి 66, 67 చాలు.

అసలు విషయం ఇంకొకటి ఉంది. 5, 6, 7 అంకెల పరీక్షల్లో నీళ్ళకీ లైటుకీ మధ్య వేడి తేడా 5 డిగ్రీలు దాటకూడదు అని స్టాండర్డ్‌లోనే ఉంది. అంటే పైన చెప్పిన వేడి లైటు మీద చల్లటి వాన అనే పరిస్థితి ఆ పరీక్షలో లేనే లేదు, పైగా కొత్త గాస్కెట్‌తో చేస్తారు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, సర్టిఫికెట్ తీసుకోండి, దాంతోపాటు లైటుని గంట వెలిగించి, ఆర్పగానే చల్లటి నీళ్ళు కొట్టి, మళ్ళీ వెలిగించి, ఇలా కనీసం ఇరవై సార్లు చేయించి మర్నాడు పొద్దున గ్లాసు చూడండి. లోపల ఒక తేమ కార్డు పెట్టి చేస్తే ఇంకా మంచిది, నీలం రంగు గులాబీగా మారితే తెలిసిపోతుంది. నా అనుభవంలో కాగితం మీద పాసైన డిజైన్లు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి.

గట్టిగా మూసేయాలా, ఊపిరి తీసుకోనివ్వాలా

దీనికి మూడు దారులున్నాయి. పాత పెద్ద హెడ్‌లైట్లలోలాగా కింద చిన్న రంధ్రం వదిలేయడం మొదటిది, వచ్చిన నీళ్ళు పోతాయి, ఒత్తిడి సమస్య లేదు, కానీ దుమ్ము దర్జాగా లోపలికి వస్తుంది. బొగ్గు మోసే రామగుండం, మణుగూరు వైపు నెల రోజుల్లో రిఫ్లెక్టర్ మీద మసి పూత వస్తుంది. రెండోది ఎక్కడా సందు లేకుండా గట్టిగా సీల్ చేసేయడం. చెప్పుకోడానికి బాగుంటుంది, కానీ ప్రతి రోజూ ఆ 13 శాతం ఒత్తిడిని గాస్కెట్ ఒక్కటే మోయాలి, రెండేళ్ళకి రబ్బరు బిగువు తగ్గాక ఓడిపోతుంది. మూడోది గాస్కెట్‌తో పాటు మెంబ్రేన్ వెంట్ పెట్టడం. నాన్‌స్టిక్ పెనం మీద పూత ఉంటుంది కదా, అదే పీటీఎఫ్ఈని సాగదీసి చేసిన పల్చటి పొర అది, గాలీ ఆవిరీ అటూఇటూ పోతాయి, నీటి చుక్క పోలేదు. లోపలా బయటా ఒత్తిడి సమానంగా ఉంటే నీళ్ళని పీల్చే బలమే ఉండదు, పైగా ఎప్పుడైనా కాస్త తేమ చేరినా లైటు వెలిగినప్పుడు మెల్లగా ఆరిపోతుంది.

నేను ఎప్పుడూ మూడోదానికే ఓటు వేస్తాను, దీంట్లో నాకు సందేహం లేదు. వెంట్ ఎక్కడ పెట్టారన్నది మాత్రం చాలా ముఖ్యం. ముందు వైపు పెడితే జెట్ నేరుగా తగులుతుంది, పైన పెడితే నీళ్ళు నిలుస్తాయి, వెనకనో కిందనో ఒక చిన్న గొడుగులాంటి అడ్డుతో పెట్టాలి. డీజిల్ ఇంజన్‌కైతే నూనె అంటని గ్రేడ్ అడగండి, నూనె తుంపర పడితే మామూలు పొర మూసుకుపోతుంది. ఇంకోటి, ఒక షెడ్లో మా లైట్లు వరసగా ఆరు ఆవిరి పట్టాయి, ఏమైందా అని నేనే వెళ్ళి చూస్తే ఇంజన్‌కి రంగు వేసినప్పుడు వెంట్ మీద కూడా నిండుగా పెయింట్ కొట్టేశారు. వాళ్ళ తప్పని నేను అనను, అది చూడ్డానికి ఏదో ప్లాస్టిక్ బిరడాలాగే ఉంది, దాని మీద ఏమీ రాసి లేదు. ఆ తర్వాత వెంట్‌ని పెయింట్ గన్‌కి అందని చోటికి మార్చి, పక్కనే తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో రంగు వేయొద్దు అని చెక్కించాం.

కేబుల్ వచ్చే చోటు కూడా మర్చిపోకండి. కేబుల్ చుట్టూ బిగించే గ్లాండ్ ఎంత మంచిదైనా వైరులో సన్న తీగల మధ్య సందుల్లోంచి నీళ్ళు దీపం వత్తిలో నూనె పాకినట్టు పాకి లోపలికి వస్తాయి, మూసేసిన డబ్బా పీల్చేటప్పుడైతే మరీ. వెనక కనెక్టర్‌లో తీగలు విడివిడిగా పాటింగ్ చేసి (రెసిన్ పోసి మూసేసి) ఉండాలి, కేబుల్ డబ్బాలోకి వచ్చేముందు కిందికి ఒక వంపు తిరిగి రావాలి.

రబ్బరు ఏది

సిలికాన్ వేడికీ చలికీ బాగా తట్టుకుంటుంది, నలిగినా మళ్ళీ లేస్తుంది, కానీ గోరు తగిలితే చిరుగుతుంది. ఈపీడీఎం ఎండకీ వానకీ గట్టి పిండం, ధర తక్కువ, నూనె తగిలితే మాత్రం ఉబ్బిపోతుంది. నైట్రైల్ నూనెకి మంచిది, ఎండకి పగుళ్ళిస్తుంది. అంటే ఎలక్ట్రిక్ ఇంజన్‌కి సిలికాన్ కానీ ఈపీడీఎం కానీ, డీజిల్ షంటర్‌కి (యార్డులో పెట్టెలు జరిపే ఇంజన్) ఈపీడీఎం వద్దు, నూనెని తట్టుకునే గ్రేడ్ సిలికాన్. ఎల్ఈడీ ఉన్న డబ్బాలో గంధకంతో క్యూర్ చేసిన (గట్టిపరిచిన) ఈపీడీఎం వద్దు, ఆ ఆవిరికి ఎల్ఈడీ లోపలి వెండి పూత నల్లబడుతుంది, పెరాక్సైడ్ క్యూర్ అని రాయించుకోండి. బజార్లో దొరికే వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ట్యూబుతో అతికించడం కూడా అలాంటిదే, దాన్నుంచి వచ్చే ఎసిటిక్ యాసిడ్ ఆవిరి లోపలే తిరుగుతుంది, వాసన రాని న్యూట్రల్ క్యూర్ రకం వాడాలి. గాస్కెట్ కూర్చునే గాడిని మాత్రం బోల్టు ఎంత బిగించినా లోహానికి లోహం తగిలి ఆగిపోయేలా చేయండి, అప్పుడు అతిగా బిగించడం అనేదే ఉండదు. కిరండూల్ లైటు నేర్పింది మాకు ఇదే.

గ్లాసా పాలీకార్బొనేటా

పాలీకార్బొనేట్‌కి రాయి తగిలినా పగలదు, బరువు తక్కువ. మన దగ్గర బళ్ళ మీద రాళ్ళు పడటం అనేది ఉన్నదే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కానీ ఎండకి పసుపెక్కుతుంది, పైన గట్టి పూత ఉన్నా ఇసుక దుమ్ముతో తుడిచీ తుడిచీ మసకబారుతుంది, ఘాటైన క్లీనింగ్ ద్రావకాలు తగిలితే సన్నటి పగుళ్ళు వస్తాయి. బోల్టులకి వేసే థ్రెడ్ లాక్ ద్రవం దాని మీద కారితే కూడా అంతే. టఫెన్డ్ గ్లాస్ పదేళ్ళైనా గీతల్లేకుండా ఉంటుంది, ఏ సబ్బుతో కడిగినా ఫర్వాలేదు, పగిలితే మాత్రం మొత్తం ముక్కలైపోతుంది, అప్పుడు లైటంతా వానకి తెరిచినట్టే.

నా మాట, దుమ్మూ ఎండా ఎక్కువున్న మన ప్రాంతాలకి టఫెన్డ్ గ్లాసే తీసుకోండి, రాళ్ళ భయం ఉన్న సెక్షన్లకైతే ముందు ఒక సన్నటి జాలీ పెట్టించుకోండి, లేదా మధ్యలో ఫిల్మ్ ఉండే లామినేటెడ్ గ్లాసు తీసుకోండి, పగిలినా ఊడిపోదు. గ్లాసుని లోహానికి నేరుగా తగలనివ్వకుండా చుట్టూ రబ్బరు ఉండాలి, రెండూ వేడికి ఒకేలా సాగవు.

ఇప్పుడు హాలోజెన్, ఎల్ఈడీ

హాలోజెన్‌కి వానాకాలంలో ఒక పెద్ద గుణం ఉంది, చాలామంది గుర్తించరు. అది వెలిగితే వేడి ముందుకి వస్తుంది, గ్లాసు వేడెక్కి ఆవిరి కాసేపట్లో ఆరిపోతుంది, మంచు పడే చోటైతే కరిగిపోతుంది. లోపం ఏంటంటే ఫిలమెంట్ కుదుపులకి తెగుతుంది, తెగినప్పుడల్లా డబ్బా తెరవాలి, తెరిచినప్పుడల్లా రాత్రిపూట టార్చి వెలుగులో ఎవరో ఒకరు ఆ గాస్కెట్‌ని మళ్ళీ సరిగ్గా కూర్చోబెట్టాలి. పది సార్లు తెరిచిన గాస్కెట్ కొత్తదానిలా పనిచేయదు.

ఎల్ఈడీకి అన్నీ తలకిందులు. సంవత్సరాల తరబడి తెరవక్కర్లేదు, కరెంటు బాగా తక్కువ, కుదుపులకి తెగే తీగ లేదు, కొన్ని చిప్‌లు పోయినా మిగతావి వెలుగుతాయి. కానీ వేడంతా వెనక దాన్ని లాగేసే హీట్ సింక్‌కి పోతుంది, ముందు గ్లాసు చల్లగానే ఉంటుంది, అంటే ఆవిరి పడితే త్వరగా ఆరదు. కాబట్టి హాలోజెన్ డబ్బా కాస్త కారినా నెట్టుకొస్తుంది, ఎల్ఈడీ డబ్బాలో ఆ వెసులుబాటు లేదు. కశ్మీర్‌లో బనిహాల్–బారాముల్లా లాంటి మంచు లైన్లకైతే గ్లాసుకి హీటర్ తప్పనిసరి. ఇంకా ఎల్ఈడీకి సరిపడా కరెంటు అందించే డ్రైవర్ బోర్డు గురించి అడగండి, త్రీ ఫేజ్ ఎలక్ట్రిక్ ఇంజన్‌లో 110 వోల్టుల బ్యాటరీ అంటే 77 నుంచి 137.5 వోల్టుల దాకా లైటు ఆగకుండా వెలగాలి, బోర్డుని పాటింగ్ చేసి ఉండాలి. అందులో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటే ప్రతి 10 డిగ్రీల వేడికీ వాటి ఆయుష్షు దాదాపు సగం అవుతుంది, మే నెలలో రామగుండం ఎండలో ఆగి ఉన్న ఇంజన్ ముక్కు ఎంత కాలుతుందో లెక్కలో వేసుకోండి.

ఈ రెండిటి మధ్యలో మూడోది ఒకటి అమ్ముతున్నారు, పాత హాలోజెన్ డబ్బాలోనే బల్బు తీసి ఎల్ఈడీ బల్బు గుచ్చడం. దయచేసి వద్దు. రిఫ్లెక్టర్‌ని ఫిలమెంట్ ఉండే చోటుకి తగ్గట్టు చేశారు, ఎల్ఈడీ చిప్ సరిగ్గా అక్కడ ఉండదు, దగ్గర్లో తెల్లగా బోలెడు వెలుగు కనిపిస్తుంది గానీ 305 మీటర్ల దగ్గర లక్స్ మీటర్ పెడితే తెలుస్తుంది. పైగా పాత కారే డబ్బా అలాగే ఉంటుంది, దాన్ని ఆరబెట్టే వేడి మాత్రం పోతుంది.

పొగమంచు సంగతి ఒక్క మాట, పసుపు లైటు మంచుని చీల్చుకుపోతుంది అనేది నమ్మకండి. మంచు చుక్కలు కాంతి తరంగం కన్నా చాలా పెద్దవి కాబట్టి ఏ రంగైనా దాదాపు ఒకేలా చెదురుతుంది, వెలుగు పెంచితే కళ్ళలోకే తిరిగొస్తుంది. నీలం పాలు తక్కువున్న తెలుపు తీసుకుంటే కళ్ళకి కాస్త హాయి, డిమ్ సరిగ్గా పనిచేయాలి, అంతకుమించి హెడ్‌లైట్ చేయగలిగింది లేదు. ఉత్తరాదికి వెళ్ళే మన ఇంజన్లకి చలికాలంలో సిగ్నల్ వస్తోందని ముందే చెప్పే ఫాగ్ పాస్ పరికరమే ఆధారం.

బాడీ, బోల్టులు

విశాఖ లాంటి తీరం షెడ్లకి ఇది ముఖ్యం, మిగతావాళ్ళు పైపైన చూసుకున్నా చాలు. డై కాస్ట్ అల్యూమినియం అంటారు గానీ ఏ గ్రేడో అడగరు. ఏడీసీ12లో రాగి ఉంటుంది, ఉప్పుగాలికి తెల్లగా పొడి రాలుతుంది. ఎల్ఎం6లో రాగి చాలా తక్కువ, సముద్రం దగ్గర అదే నిలబడుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టు నేరుగా అల్యూమినియంలోకి బిగిస్తే ఉప్పు తేమకి రెండూ కొరుక్కుని పట్టేస్తాయి, తర్వాత విప్పబోతే బోల్టు తల తెగుతుంది. థ్రెడ్లో ఇన్సర్ట్ (లోహపు మరల చుట్ట) వేసి, పట్టేయకుండా యాంటీ సీజ్ పేస్టు రాయాలి. బోల్టులు మూత నుంచి ఊడిపడని రకమైతే రాత్రి కంకర రాళ్ళలో వెతుక్కునే బాధ ఉండదు.

మొత్తం మీద నన్ను అడిగితే, కొత్తగా చేయిస్తున్నా మొత్తం మారుస్తున్నా ఎల్ఈడీ ఫుల్ యూనిట్, టఫెన్డ్ గ్లాసు, సిలికాన్ గాస్కెట్, వెనక మెంబ్రేన్ వెంట్, ఎల్ఎం6 బాడీ. పాత ఇంజన్ ఇంకో రెండు మూడేళ్ళే తిరుగుతుంది అంటే హాలోజెన్‌నే ఉంచి, ఆ డబ్బుతో ప్రతి వానాకాలం ముందూ గాస్కెట్, గ్లాండ్ మార్చండి. ఏది కొన్నా గాస్కెట్, వెంట్, బోల్టులు కలిపి ఒకే ప్యాకెట్‌గా స్పేర్ ఇస్తారా అని ఆర్డర్ ఇవ్వకముందే అడగండి, ఆ ప్యాకెట్ షెడ్ స్టోర్‌లో లేని రోజున ఫిట్టర్ పాత గాస్కెట్‌నే తుడిచి మళ్ళీ పెడతాడు, అతనికి వేరే దారి లేదు.